పాత మ్యాచ్ రైఫిలు, కొత్త కస్టమ్ రైఫిలు: ఎనిమిది వారాల కొలతల చిట్టా

నా దగ్గర ఉన్నది ఆన్షుట్జ్ 54 యాక్షను (తూటాను లోపలికి తోసి పేల్చే యంత్ర భాగం) మీద ఫ్యాక్టరీలో తయారైన పాత మ్యాచ్ రైఫిలు, 1411 నమూనా. పడుకుని కాల్చే పోటీల కోసం చేసిన ఆ రైఫిలును నేను బల్ల మీద ఇసుక సంచుల ఆనికతో కాల్చే బెంచ్‌రెస్ట్ కోసం వాడుతున్నాను. నా పక్కన కూర్చునేవారిలో ఎక్కువమంది ఇప్పుడు యాక్షను ఒకచోట, గొట్టం మరొకచోట ఏరి తెచ్చుకుని, నిపుణుడైన పనివాడి చేత కట్టించుకున్న కస్టమ్ రైఫిళ్లతో వస్తున్నారు. నేనూ ఒకటి కట్టించుకోవాలా, ఉన్నదాన్ని సరిచేసుకుంటే చాలా అన్నది ఏడాదిగా తేలలేదు. చివరికి ఒక మిత్రుడు ఎనిమిది వారాలపాటు తన కస్టమ్ రైఫిలుతో రేంజికి వచ్చి, దాన్ని నా చేతికివ్వడానికి ఒప్పుకున్నారు. రెండూ .22 లాంగ్ రైఫిల్ తూటా కాల్చేవే. దూరం 50 మీటర్లు.

పాత ఫ్యాక్టరీ రైఫిళ్లలో బల్ల కోసమే పుట్టినవి తక్కువ. వించెస్టర్ 52 గానీ, మోడల్ 37 స్థానంలో రెమింగ్టన్ 1955లో తెచ్చిన 40-ఎక్స్ గానీ, నా 1411 గానీ మనిషి భుజానికీ, చేతికి బిగించుకునే పట్టీకీ నప్పేలా చెక్కినవి. సెంటర్‌ఫైర్ తూటాలకు, అంటే కేసు అడుగు మధ్యలో ప్రైమరు ఉండేవాటికి, రెమింగ్టన్ 40-ఎక్స్‌బీబీఆర్ వంటి అసలైన బెంచ్‌రెస్ట్ నమూనాలు ఫ్యాక్టరీ నుంచి వచ్చాయి. కానీ 1975లో లూయీ పాల్మిసానో, ఫెర్రిస్ పిండెల్ 6 మి.మీ. పీపీసీ తూటాను రూపొందించాక, ఇత్తడి కేసు మెడను చాంబరుకు (గొట్టంలో తూటా కూర్చునే చోటుకు) సరిపడేలా చెక్కుకుని, మందు తానే తూచి పోసుకునే షూటరుకు కస్టమ్ చాంబరు ఇచ్చే లాభం బాగా పెరిగింది. ఆ పోటీల్లో ఫ్యాక్టరీ రైఫిలు వెనకబడడానికి అది పెద్ద కారణమని నా అభిప్రాయం. .22లో ఆ వెసులుబాటు ఎవరికీ లేదు. పెట్టెలో వచ్చిన తూటానే ఎవరైనా కాల్చాలి. పాత రైఫిలుకు ఇక్కడ కొంత ఆశ మిగిలి ఉందని నేననుకోవడానికి అదే ఆధారం.

పోలిక న్యాయంగా ఉండాలని రైఫిలు తప్ప మిగిలినదంతా ఒకటే ఉంచాను. 36 రెట్ల స్కోపు ఒక్కటే. దాన్నే ఒకదాని మీది నుంచి మరోదాని మీదికి మార్చి, ప్రతిసారీ పారలాక్స్ (కన్ను కదిలితే గురి గీత కదిలినట్టు కనిపించే దోషం) కొత్తగా సరిచేశాను. ముందు రెస్టు, వెనుక సంచి కూడా అవే. 10, 25, 40 మీటర్ల వద్ద మూడు గాలి జెండాలు నిలిపాను. సెకనుకు ఒక మీటరు అడ్డగాలి ఈ దూరంలో గుండును సుమారు 6 మి.మీ. పక్కకు తోస్తుంది కాబట్టి, జెండాలు లేకుండా చేసిన పోలిక రైఫిళ్ల పోలిక కాదు, గాలుల పోలిక అవుతుంది. కాల్చే వరుసను పాతది, కొత్తది, కొత్తది, పాతది అని పెట్టుకున్నాను. లేకపోతే పొద్దెక్కేకొద్దీ లేచే గాలి, నా కళ్ల అలసట ఎప్పుడూ ఒకే రైఫిలు మీద పడతాయి. గ్రూపుకు, అంటే ఒకే గురికి కాల్చిన రంధ్రాల గుంపుకు, అయిదు గుండ్లు. కొలత దూరపు రెండు రంధ్రాల మధ్య బిందువుల నడుమ. రంధ్రాల బయటి అంచుల మధ్య దూరం కొలిచి, అదే కాగితం మీద విడిగా కాల్చిన ఒక్క రంధ్రం వెడల్పును అందులోంచి తీసేయడం తేలిక పద్ధతి. కాగితం గుండు వ్యాసమంత శుభ్రంగా తెగదు గనుక 5.6 మి.మీ. అని గుడ్డిగా తీసేస్తే లెక్క తప్పుతుంది.

మొదటి వారం ఏ మరమ్మతూ చేయకుండా, ఒకే లాటు (ఒకే విడతలో తయారైన) తూటాలతో రైఫిలుకు పది గ్రూపులు కాల్చాను. సగటు పాతదానికి 11.9 మి.మీ., కస్టమ్‌కు 8.3 మి.మీ. అక్కడే ఆగిపోయి ఉంటే తీర్పు సులువుగా వచ్చేది, తప్పు తీర్పు కూడా.

రెండో వారమంతా పాత రైఫిలు ఒంటి పరీక్షకే పోయింది. బోర్‌స్కోపు పెట్టి చూస్తే చాంబరుకు కాస్త ముందు, గాడులు మొదలయ్యే చోట, గట్టిపడిన మసి వలయం కనిపించింది. రోజూ నూనె గుడ్డ దూర్చి తీసినంత మాత్రాన ఇది పోదు. గొట్టం శుభ్రంగా ఉందని నేను ఏళ్ల తరబడి నమ్మింది గుడ్డ రంగు చూసి మాత్రమే. మసి కరిగించే ద్రావకాన్ని పావుగంట నాననిచ్చి, కడ్డీ పక్కలకు రాసుకోకుండా బోర్ గైడు పెట్టి, కంచు బ్రష్షుతో తోమడాన్ని మూడు విడతలు చేశాక వలయం పోయింది. దాని కింద గొంతులో, అంటే గాడులు మొదలయ్యే ఆ చోటే, అడుగు వైపు చిన్న అరుగుదల బయటపడింది. .22 వంటి రిమ్‌ఫైర్ తూటాల అంచులో, సూది దెబ్బకు పేలే ప్రైమరు మందులో ఉండే గాజు పొడి వల్ల చాలా తూటాలు కాల్చిన గొట్టాల్లో ఇది సహజంగా వచ్చేదే, తోమితే పోయేది కాదు.

తర్వాత బెడ్డింగు, అంటే స్టాకులో (రైఫిలు చెక్క కట్టులో) యాక్షను కూర్చునే చోటు. గొట్టానికి డయల్ ఇండికేటరు బిగించి, దాని ముల్లును స్టాకు ముందు భాగం మీద ఆనించి, ముందు మర మెల్లగా వదులు చేస్తే ముల్లు 0.11 మి.మీ. కదిలింది. మర బిగించిన ప్రతిసారీ యాక్షను అంత మేర వంగుతోందన్నమాట. నా కంటే ముందు ఈ రైఫిలు ఉన్నవారు ఎవరో ఒక పనివాడి చేత ఎపాక్సీ పోయించారు. అది వెనుక భాగంలో ఒక మూల ఎత్తుగా మిగిలిపోయింది. దాన్ని గీకించి కొత్తగా పోయించాక కదలిక 0.02 మి.మీ.కు దిగింది. మరల బిగింపును టార్క్ రెంచితో 4 నుంచి 6 న్యూటన్ మీటర్ల వరకు అరేసి చొప్పున పెంచుతూ చూశాను. 5 దగ్గర గ్రూపులు కుదురుకున్నాయి. బెడ్డింగు చెడి ఉన్నప్పుడు ఇలా టార్క్ వెతకడం వృథా శ్రమని నాకు ఇప్పుడు తెలిసింది, ఎందుకంటే గతంలో నెల రోజులు సరిగ్గా ఆ శ్రమే చేశాను. ఈ రెండు పనుల తర్వాత పది గ్రూపుల సగటు 9.9 మి.మీ.

మూడు, నాలుగు వారాలు తూటాలకు. అయిదు లాట్లు తీసుకుని ఒక్కోదానికి 50 తూటాలు కాల్చాను. ఒక రకం నుంచి మరో రకానికి మారినప్పుడు గుండుకు పూసిన మైనం మారుతుంది కాబట్టి మొదటి పదిహేను లెక్కలోకి రావు. ఇక్కడ అనుకోనిది జరిగింది. కస్టమ్ రైఫిలుకు అన్నిటికంటే నచ్చిన లాటు పాతదానికి నాలుగో స్థానంలో నిలిచింది. పాతదానికి నచ్చిన లాటు కస్టమ్‌లో మామూలుగానే కాలింది. మొదటి వారం రెండింటికీ ఒకే లాటు వాడడమే న్యాయమని నేననుకున్నాను గానీ, నిజానికి ఆ లాటు ఎవరి పక్షమో నాకప్పుడు తెలియదు. కనుక ఆ తర్వాత ఒక్కో రైఫిలుకు దానికి నప్పిన లాటే ఇచ్చాను.

వేగం కొలిచే యంత్రం పెట్టినప్పుడు మరో లోపం దొరికింది. నప్పిన లాటుతోనూ పాత రైఫిలులో వేగాల ప్రామాణిక విచలనం సెకనుకు 3.6 మీటర్లు ఉంటే, అదే లాటు కస్టమ్‌లో 2.2 వచ్చింది. సెకనుకు 330 మీటర్ల దగ్గర వేగంలో ఒక శాతం తేడా వస్తే 50 మీటర్ల వద్ద గుండు రెండు మి.మీ.కు పైగా ఎక్కువ తక్కువల్లో పడుతుంది గనుక ఇది పట్టించుకోవలసిన తేడాయే. ఖాళీ కేసుల అంచు మీద సూది గుర్తులను భూతద్దంతో చూస్తే లోతు సమంగా లేదు. ఫైరింగ్ పిన్ స్ప్రింగు ఎప్పటిదో. మార్చి, బోల్టులోని గడ్డకట్టిన పాత గ్రీజు కడిగించాక విచలనం 2.4కు వచ్చింది. మొత్తం ఎనిమిది వారాల్లో అతి తక్కువ ఖర్చుతో అయిన పని ఇదే.

స్టాకు సంగతికి వస్తే పాత రైఫిలు బలహీనత పూర్తిగా బయటపడుతుంది. 1411 ముందు భాగం అడుగు గుండ్రంగా, చేతి అరచేతిలో ఒదిగేలా ఉంటుంది. బెంచ్‌రెస్ట్ స్టాకు అడుగు బల్లపరుపుగా, మూడంగుళాల వెడల్పుతో, వెనుక కొన సంచి చెవుల మధ్య నిటారుగా జారేలా ఉంటుంది. కాల్చాక రైఫిలును చేత్తో తిరిగి ముందుకు తోస్తే కస్టమ్ రైఫిలు స్కోపులో గీత గురి నుంచి ఒక మి.మీ. కూడా తప్పకుండా వచ్చి నిలిచేది. నాది ప్రతిసారీ అయిదారు మి.మీ. ఎడమకు వాలి, కాస్త పక్కకు ఒరిగి ఆగేది. స్టాకు అడుగున ఉన్న పట్టాలోకి బిగించే మూడంగుళాల అల్యూమినియం పలక చేయించాను. వెనుక కొన కింద మాత్రం చెక్కను చెక్కించడానికి మనసు ఒప్పలేదు. అది ఆ రైఫిలుకు అన్యాయం చేసినట్టే అనిపించింది. పలకతో సగం బాధ తీరింది, కానీ బరువు పెరిగింది. స్కోపుతో కలిపి తూచితే 10.5 పౌండ్ల, అంటే 4.76 కిలోల, తేలిక తరగతి హద్దును చాలా దాటింది. పలక లేకుండా కూడా దాటేదే కాబట్టి కొత్తగా పోయిందేమీ లేదు గానీ, పాత మ్యాచ్ రైఫిలు కొనాలనుకునేవారు ధర అడగకముందే తూకం అడగాలి.

ఆరు, ఏడు వారాల్లో రెండింటితో ఇరవైయేసి గ్రూపులు కాల్చాను. సగటు పాతదానికి 8.8 మి.మీ., కస్టమ్‌కు 7.6 మి.మీ. అన్నిటికంటే చిన్న గ్రూపు పాతదానిది 4.9, కస్టమ్‌ది 4.6. అన్నిటికంటే పెద్దది పాతదానిది 14.2, కస్టమ్‌ది 10.4. ఇక్కడ సగటుల తేడాను మరీ నమ్మకూడదు. ఏ మార్పూ లేని రైఫిలుతోనే అయిదు గుండ్ల గ్రూపులు సగటుకు అటూ ఇటూ సాధారణంగా పాతిక శాతం దాకా ఊగుతాయి. ఇరవై గ్రూపుల సగటులో ఆ ఊపు అయిదారు శాతానికి తగ్గుతుంది. రెండు సగటుల మధ్య ఉన్న 1.2 మి.మీ. తేడా, ఆ రెండు సగటుల ఊపూ కలిపి చూస్తే, దానికి రెట్టింపు కంటే తక్కువే. అందువల్ల కస్టమ్ మెరుగని చెప్పగలను, ఎంత మెరుగో కచ్చితంగా చెప్పలేను. పర్సులో దాచుకుని చూపించే చిన్న గ్రూపు కాగితాలు అసలేమీ చెప్పవు, 4.9 నా దగ్గరా ఉంది.

నాకు ఎక్కువ సంగతి చెప్పింది చెడ్డ గ్రూపులే. ఒక్కోదానిలో చెడ్డవి అయిదు తీసి చూస్తే, కస్టమ్ రైఫిలువన్నీ జెండా మారినా నేను ఆగకుండా కాల్చిన చోట్లే. కాగితం అంచున నేను రాసుకున్న గుర్తులే అందుకు సాక్ష్యం. అంటే తప్పు నాది. పాతదానివి రెండు మాత్రమే అలాంటివి. మిగిలిన మూడింటిలో నాలుగు గుండ్లు ఒకచోట ఉండి, ఏ కారణమూ కనిపించకుండా ఒకటి విడిగా, ఎక్కువగా ఎడమ కిందికి పోయింది. అరిగిన గొంతు అప్పుడప్పుడు ఒక గుండును వంకరగా గాడుల్లోకి పంపుతోందా, స్టాకు ఇంకా సంచిలో ఒరుగుతోందా అన్నది కాగితం చూసి విడదీయలేను. ఇరవై అయిదు గురుల కార్డు పోటీలో మాత్రం ఇలాంటి గుండు ఒక్కటి చాలు, అంతకుముందు కాల్చినదంతా వ్యర్థమవుతుంది.

ట్రిగ్గరు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. కస్టమ్‌ది 55 గ్రాముల ఒకే దశ ట్రిగ్గరు. నాది రెండు దశలది, అంతకు రెట్టింపు బరువు. రెండు రోజుల్లో వేలికి రెండూ అలవాటయ్యాయి, కాగితం మీద తేడా కనిపించలేదు.

ఎనిమిదో వారం మిత్రుడూ నేనూ కూర్చుని లెక్కలు చూశాం. కొత్త గొట్టం బిగించి, బెంచ్‌రెస్ట్ స్టాకు కూడా కొనమని ఆయన సలహా. అప్పుడు పాతదాంట్లో మిగిలేది యాక్షనూ ట్రిగ్గరూ మాత్రమే, ఖర్చు మాత్రం పూర్తి కస్టమ్‌లో మూడు వంతులకు చేరుతుంది. అదీ గాక ఇప్పటి స్టాకులో ఇప్పటి గొట్టం ఇంకా ఏమి చేయగలదో నేను చివరిదాకా చూడలేదు. ఆయన రైఫిలుకు మూతి వద్ద ట్యూనరు ఉంది, నాదానికి లేదు. నిదానంగా వచ్చే గుండు గొట్టం కాస్త ఎక్కువ పైకి చూస్తున్న క్షణంలో బయటపడేలా కంపనాన్ని సర్దడం దాని పని కాబట్టి, నిలువు చెదురు తగ్గడానికి చోటుంది; ఎడమ కిందికి పోయే ఆ గుండును అది ఆపుతుందనుకోను. గొట్టం మూతి వ్యాసం కొలిచి ట్యూనరుకు పురమాయించాను. నప్పిన లాటులో ఇంకా 400 తూటాలున్నాయి. వాటిలో 200 ట్యూనరు కుదర్చడానికి, మిగిలిన 200 మళ్లీ ఇదే వరుసలో నలభై గ్రూపులకు అని పెట్టె మూత మీద రాసి పక్కన పెట్టాను.