క్యోటోలో వస్తువు పోతే: నా అనుభవం

క్యోటోలో జేబుదొంగల కన్నా మన మతిమరుపుతోనే ఎక్కువ ప్రమాదం. పర్సు బస్సు సీటు మీద, ఫోను గుడి బాత్రూంలో, గొడుగు ఇంకెక్కడో. గొడుగు మీద ఆశ వదులుకోండి. మిగతావి తరచుగా దొరుకుతాయి, కాకపోతే వెతికే వరస తెలియాలి.

కంగారులో అందరూ ముందు పోలీసుల దగ్గరికి పరుగెడతారు. బస్సులోనో రైల్లోనో గుళ్లోనో పోయిన వస్తువు మొదట అక్కడి వాళ్ల చేతికే వస్తుంది. వాళ్లు పోలీసులకు అప్పగించేసరికి కొన్ని రోజులు పట్టొచ్చు. అందుకే నేను ముందు అక్కడే అడుగుతాను. 'వసురెమోనో' (మరిచిపోయిన వస్తువు) అంటే చాలు, అర్థమైపోతుంది. బస్సయితే నంబరు, ఎటు వెళ్లేది, ఎక్కడ ఎన్నింటికి దిగారు అన్నవి కావాలి. లేత ఆకుపచ్చవి సిటీ బస్సులు. వేరే రంగుదైతే ఆఫీసు కూడా వేరు. టాక్సీ రసీదు పారేయకండి, కంపెనీ ఫోన్ నంబరు దానిమీదే ఉంటుంది.

వీధిలో పోతే కోబాన్‌కి, అంటే చిన్న పోలీసు ఔట్‌పోస్టుకి వెళ్లాలి. లోపల ఎవరూ లేకపోతే బల్లమీది ఫోను ఎత్తండి, పోలీసు స్టేషన్‌కి కలుస్తుంది. అక్కడ 'ఇషిత్సు తొదొకె' (వస్తువు పోయిందని ఇచ్చే రిపోర్టు) అనే ఫారం నింపుతారు. ఎక్కడ పోయిందంటే రెండు వీధుల కూడలి చెప్పండి. క్యోటో వాళ్లు చిరునామా చెప్పేదీ అలాగే: 'షిజో కవారమాచి అగరు' అంటే ఆ కూడలి నుంచి ఉత్తరానికి అని, 'సగరు' అంటే దక్షిణానికి.

'నల్ల పర్సు' అని రాస్తే అలాంటివి వంద ఉంటాయి. 'లోపల వెంకన్న బొమ్మ, 5,000 యెన్ నోటొకటి, 1,000 నోట్లు మూడు' అంటే ఇట్టే పోల్చుకుంటారు. ఫోన్ నంబరు దగ్గర హోటల్‌ది కూడా రాయండి. ఇండియా నంబరుకు కాల్ వస్తుందని నమ్ముకోవద్దు. పేరు పాస్‌పోర్టులో ఉన్న వరసలోనే ఉండాలి. మన ఇంటిపేరు ఒకసారి ముందు, ఒకసారి వెనక పడితే వెతికేవాళ్లకు తలనొప్పి. చివర్లో ఇచ్చే రిపోర్టు నంబరు ఫోటో తీసుకోండి.

పోలీసులు 3 నెలలు దాస్తారు. తెచ్చిచ్చినవాళ్లు చట్టప్రకారం విలువలో 5 నుంచి 20 శాతం బహుమానం అడగొచ్చు. చాలామంది వద్దంటారు, అడిగితే మాత్రం తగువు పెట్టుకోకండి.

పోయింది పాస్‌పోర్టయితే కథ వేరు. జపాన్‌లో టూరిస్టులు దాన్ని ఎప్పుడూ వెంట ఉంచుకోవాలన్నది చట్టం, కాబట్టి హోటల్లో దాచడం కుదరదు. జిప్పున్న లోపలి జేబే దిక్కు. పోతే పోలీసు రిపోర్టు, పాస్‌పోర్టు జిరాక్సు, ఫోటోలు పట్టుకుని ఒసాకాలోని భారత కాన్సులేట్‌కి వెళ్లాలి. క్యోటో నుంచి ఒసాకాకి వేగం రైల్లో అరగంట. శనాదివారాలు తలుపులు మూసే ఉంటాయి. అక్కడిచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇండియాకి తిరిగి రావడానికే పనికొస్తుంది. దారిలో కొరియా చూసొద్దామనుకుంటే ఆ టికెట్ రద్దు చేసుకోవాల్సిందే.