పర్మిషన్లు అయిపోయాయి మేడం

నిద్ర పట్టేలా లేదు, అందుకే రాసేస్తున్నాను. విషయం చాలా చిన్నది. చదివాక "ఇంతేనా" అంటే నేనేం చేయలేను.

అత్తయ్యకి ఇవాళ విజయవాడ గవర్నర్‌పేటలో కంటి చెకప్. డాక్టరు మూడింటికి రమ్మన్నారు. రెండు గంటలు బయటికి వెళ్లొస్తానని పొద్దున్నే మా హెచ్చార్ కుర్రాడిని అడిగాను. అడగడమంటే నోటితో కాదు, యాప్‌లో. మా ఇద్దరి సీట్ల మధ్య ఒక్క గాజు తలుపు అడ్డం, అంతే. తల కూడా ఎత్తకుండా అక్కడినుంచే అన్నాడు, "ఈ నెల మీ పర్మిషన్లు రెండూ అయిపోయాయి మేడం, హాఫ్ డే పెట్టుకోండి" అని. సరే, పెట్టాను. కారణం అన్నచోట "సొంత పని" అని రాస్తే వెనక్కి కొట్టాడు. వివరంగా ఉండాలట. "అత్తగారి కంటి చెకప్" అని రాశాను. ఓకే చేసి, కింద ఒక ముక్క తగిలించాడు: వచ్చాక హాస్పిటల్ చీటీ అప్‌లోడ్ చేయమని.

చీటీ! నా వయసేంటి, వాడి వయసేంటి. మంచివాడే పాపం, నేను ఆవకాయ తెచ్చిన రోజు మొదటి ముద్ద వాడిదే. కానీ ఈ ఉద్యోగంలో చేరకముందు పదేళ్లపాటు సొంతంగా ట్యాక్స్ పని చేసి, నోటీసులకి జవాబులు రాసి, ఊళ్లో వ్యాపారస్తుల లెక్కలన్నీ చూసినదాన్ని పట్టుకుని, అత్తగారి కన్ను నిజమేనా అని రుజువు అడగడం ఏమిటి? రూలు అందరికీ ఒకటేనట. అవును, తెలుసు. రూళ్ల గురించి నాకా చెప్పేది.

ఇక ఆ బొటనవేలి మెషిన్ ఒకటి. అంట్లు తోమీ తోమీ నా వేలిముద్ర అరిగిపోయిందో ఏమో, ఒక్కసారికి తీసుకోదు. మా స్టోర్ కీపర్ గారు ఉపాయం నేర్పారు, వేలు నుదుటికి రుద్దుకుని పెట్టాలట, జిడ్డుకి పడుతుందట. రోజూ తొమ్మిదిన్నరకి ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల గోడౌన్ గుమ్మంలో వరుసగా నిలబడి అందరం నుదురు రుద్దుకుంటూ ఉంటాం. చూసేవాళ్లకి ఏదో మొక్కు తీర్చుకుంటున్నట్టు ఉంటుంది. మూడు లేట్లయితే సగం రోజు జీతం కట్. రామవరప్పాడు రింగ్ దగ్గర ట్రాఫిక్ ఆగితే ఆ మెషిన్‌కి ఏం తెలుస్తుంది? బస్సు ఆడవాళ్లకి ఫ్రీ కదా, స్కూటీ ఎందుకంటారు అత్తయ్య. ఫ్రీ బస్సు కూడా ఆ రింగ్ మీదుగానే రావాలి అత్తయ్యా అంటే వినరు.

ఇదివరకు నా సెలవు నేనే ఇచ్చుకునేదాన్ని. ఈ మాటే పొద్దున్నుంచి లోపల తిరుగుతోంది. బాగానే ఉంది, అలా ఇచ్చుకున్న సెలవులేవో రాద్దామని కూర్చుంటే ఒక్కటీ తోచడం లేదు. తెనాలిలో ఆడపడుచు కూతురి పెళ్లిలో తలంబ్రాల టైముకి నేను వధువు గదిలో లాప్‌టాప్ ముందున్నాను. ఆ రోజు ఇరవయ్యో తారీఖు. నెలనెలా వేసే జీఎస్టీ రిటర్ను, త్రీబీ అంటాం, దానికి ఆఖరు రోజు. దాటితే రోజుకి యాభై రూపాయలు, అమ్మకాలు లేని వాళ్లకైతే ఇరవై. డబ్బు చిన్నదే, కానీ అది పడిన మర్నాడు వచ్చే ఫోన్లు చిన్నవి కావు. ఇంకో ఇరవయ్యో తారీఖున, రిటర్నంతా తయారుచేసి సబ్మిట్ నొక్కితే ఓటీపీ వెళ్లింది క్లయింటు ఫోనుకి. ఫోనేమో తిరుమలలో డిపాజిట్ కౌంటర్లో ఉంది, ఆయనేమో క్యూలో ఉన్నారు. ఆ స్వామి దర్శనం ఎప్పుడవుతుందా అని ఇక్కడ సత్యనారాయణపురంలో నేను రాత్రి పన్నెండు దాకా మొక్కుకుంటూ కూర్చున్నాను. బయటికొచ్చి, "లడ్డూ పంపిస్తాను మేడం" అన్నారు. పంపారు కూడా. లేట్ ఫీజు మాత్రం నా ఫీజులోంచి తగ్గించుకున్నారు.

హాస్పిటల్ విషయానికొస్తే, అక్కడ గంటన్నర కూర్చున్నాం. అత్తయ్య నల్ల కళ్లద్దాల్లోంచి నావైపు చూసి, "అమ్మాయ్, ఇవాళ ఇరవయ్యో తారీఖు కదే, నీ ఫోను మోగలేదేమిటి?" అన్నారు. నాకు అప్పుడు తెలిసింది తారీఖు. పొద్దున్నుంచి ఆఫీసు కంప్యూటర్లో చూస్తూనే ఉన్నాను, మనసుకి ఎక్కలేదు. మా కంపెనీ త్రీబీ పద్దెనిమిదినే వేసేశాం. సంతోషించాల్సిన మాటే. ఒక్క నిమిషం సంతోషించాను కూడా.

సరిగ్గా ఆ నిమిషానికే వన్‌టౌన్ చీరల షాపాయన వాళ్ల నాన్నగారిని తీసుకుని వచ్చారు. నన్ను చూసి చేతులు జోడించి, "ఉద్యోగంలో చేరారట కదా మేడం, హాయి! నెల తిరిగేసరికి జీతం!" అన్నారు. నాకు ఏడాదిన్నర ఫీజు ఇవ్వాలి ఆయన. ఆ ఊసే లేదు. నేనూ నవ్వి, నాన్నగారికి ఏ కన్నండీ అని అడిగాను. ఎడమ కన్నట. ఇంటికొచ్చేదాకా ఆ "హాయి" నా చెవిలోనే ఉంది.

హాయే అనుకోండి. జీతం పడుతుంది, పీఎఫ్ పడుతుంది. ఊళ్లో ఎంతమంది పనివాళ్లకి ప్రతినెలా పీఎఫ్ చలానాలు నేను అప్‌లోడ్ చేశానో లెక్క లేదు. బేసిక్ మీద పన్నెండు శాతం వాళ్ల దగ్గర, పన్నెండు యజమాని దగ్గర. ఆ వరుసలో నా పేరు ఏనాడూ లేదు, నాకు యజమాని ఎవరున్నారు గనక. మొన్న జూలైలో మొదటిసారి నా పేరు, నా యూఏఎన్ నంబరు ఆ జాబితాలో చూసి, ఎదురుగా ఎవరూ లేరు కదా అని స్క్రీన్ ఫోటో తీసి చిన్నదానికి పంపాను. "అమ్మా, ఆఫీసు డేటా బయటికి పంపకూడదు" అని రిప్లై ఇచ్చింది. దానికీ రూళ్లే.

సింగ్‌నగర్ ప్లాస్టిక్ సామాన్ల అన్నయ్య గురించి ఎప్పుడో రాయాలనుకున్నాను. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు వాగు పొంగి ఊరి మీద పడినప్పుడు ఆయన షాపు షట్టర్ సగం దాకా మునిగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర పదకొండు లక్షల క్యూసెక్కులు దాటిందని టీవీలో చెబుతుంటే మేం కృష్ణనే చూస్తున్నాం, ముంచింది మాత్రం వెనకనుంచి వచ్చిన బుడమేరు. నీళ్లు తీశాక ఆయన ట్రాక్టర్ మీద సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాకా వచ్చి, అక్కడినుంచి ఆటోలో మా ఇంటికి వచ్చారు. చేతిలో బియ్యం సంచి. సంచిలో బిల్లు పుస్తకాలు. "సరుకు తేలింది చెల్లెమ్మా, పుస్తకాలు మునిగాయి" అన్నారు.

హాలులో ఫ్యాన్ కింద పరిచాం. చాలక, పెరట్లో బట్టల తీగకి క్లిప్పులు పెట్టి అట్టలు వేలాడదీశాం. ఈయన ఇస్త్రీ పెట్టె తెచ్చి పైన పాత పంచె గుడ్డ వేసి ఒక్కో కాగితం మీద సన్న సెగ పెట్టారు. ఇల్లంతా బురద వాసన, వారం పోలేదు. అదృష్టం ఏమిటంటే పైకాపీ కొన్నవాళ్లకి పోతుంది, పుస్తకంలో మిగిలేది కార్బన్ కాపీ, కార్బన్ నీళ్లకి కరగదు. అంకెలు పోలేదు. కొన్నవి ఎలాగూ జీఎస్టీ పోర్టల్లో టూబీ అనే పట్టీలో కనబడతాయి, అమ్మినవి దొరికితే చాలు. పదకొండో తారీఖుకి ఆగస్టు అమ్మకాల రిటర్ను వేసేశాం. కానీ అదే సంచిలో ఆయన అప్పుల పుస్తకం కూడా ఉంది, జెల్ పెన్నుతో రాసుకున్నది. తెరిస్తే పేజీ పేజీకి నీలం మరక తప్ప ఏమీ లేదు. ఎవరు ఎంత ఇవ్వాలో ఒక్క పేరు మిగల్లేదు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పోనీలే చెల్లెమ్మా, వాళ్ల ఇళ్లూ మునిగాయి కదా" అని మూసి పక్కన పెట్టారు.

ఆ మనిషికి నేను చెప్పాల్సిన మాట ఇంకోటి మిగిలింది. పాడైపోయిన సరుకు మీద వాడుకున్న ట్యాక్స్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుకి తీసుకున్న మినహాయింపు, వెనక్కి కట్టాలి. జీఎస్టీ చట్టంలో అలాగే ఉంది, సెక్షన్ 17(5)లో. కడిగి అమ్ముకోగలిగిన బకెట్లూ మగ్గులూ పోగా, మిగతా వాటికి లెక్క కట్టాం. సరుకూ పోయి, దాని మీద డబ్బూ కట్టాలా అని అడుగుతారనుకున్నాను. "మీరు చెప్పారంటే సరే" అన్నారు. కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఇంత రాశాక అనిపిస్తోంది, సొంత పని నన్ను పీల్చి పిప్పి చేసిందని అందరికీ చెబుతూ వస్తున్నాను కదా, అది పూర్తిగా నిజం కాదు. ఆ వరద నెలలో నిద్ర లేకుండా పనిచేశాను, ఏమీ కాలేదు. నిజం చెప్పాలంటే నేను చేసిన మంచి పని అదే. నేను ఆగిపోయింది ఆ తర్వాత ఏప్రిల్లో, ఏ వానా లేని రోజున. ఒక నిల్ రిటర్ను వేయాలి. అమ్మకం లేదు, కొనుగోలు లేదు. రెండు నిమిషాల పని, ఎస్సెమ్మెస్‌తో కూడా వేసేయొచ్చు. లాగిన్ పేజీలో ఆరంకెల క్యాప్చా వచ్చింది. చూస్తున్నాను, అంకెలు కనబడుతున్నాయి, వేళ్లు కదలడం లేదు. అది మారిపోయి ఇంకోటి వచ్చింది. అదీ చూస్తూ కూర్చున్నాను. ఈయన వచ్చి లైటు వేసేదాకా చీకటి పడిందని తెలీదు. డాక్టరు బర్నౌట్ అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లు 2019లో దాన్ని జబ్బు అనకుండా పనివల్ల వచ్చే స్థితి అని రాశారట, చిన్నది చదివి చెప్పింది. అత్తయ్య దిష్టి అన్నారు, ఉప్పు తీసి పడేశారు. రెండూ చేయించుకున్నాను.

కాబట్టి వరద కాదు నన్ను ముంచింది. రాత్రి పదింటికి "ఒక్క చిన్న డౌటు మేడం" అని మొదలయ్యే ఫోన్లు, ఇవ్వని ఫీజులు, అడగలేని నా మొహమాటం. ఉద్యోగంలో ఇవి లేవు. 2025 సెప్టెంబరు 22న స్పేర్ పార్టుల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగినప్పుడు గోడౌన్ స్టాకంతా కొత్త రేటుకి మార్చాం. నలుగురం కూర్చున్నాం, ఓనరు గారు పునుగులు తెప్పించారు, ఎనిమిదింటికి తాళం వేసి ఇంటికొచ్చి పడుకున్నాను. అదే నేను ఒంటరిగా ఊరందరికీ చేయాల్సొచ్చి ఉంటే? తల్చుకుంటేనే టెన్షన్.

ఆఫీసు మీద కోపమైతే ఆరింటికి దిగిపోతుందని ఇక్కడ ఒక వాక్యం రాసి కొట్టేశాను. ఇప్పుడు పదకొండు దాటింది, నేనింకా ఆ చీటీ గురించే పళ్లు నూరుతున్నాను. దిగదు. కాకపోతే కోపం ఒక్కడి మీదే, అదీ ఆవకాయ తినే కుర్రాడి మీద. దీనితో ఎలాగోలా వేగొచ్చు.

నా బాకీల పుస్తకం మాత్రం ఏ బుడమేరులోనూ మునగలేదు. ఎక్సెల్‌లో ఉంది, ఇందాకే తెరిచాను. మొత్తం చూసి ఈయన ఈల వేశారు. క్లయింటు పోతాడన్న భయం ఇప్పుడు లేదు కదా, ఇంకా మొహమాటం దేనికి? రేపు లంచ్ టైములో ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాను. సింగ్‌నగర్ అన్నయ్య పేరు ఎదురుగా ఉన్నది కొట్టేశాను. మొదటి ఫోన్ చీరల షాపాయనకే. ఆయన ఎలాగూ డబ్బివ్వడు, ఉప్పాడ చీరలు రెండు అడుగుతాను, ఒకటి అత్తయ్యకి.