అలారం మోగుతుంది సరే, డబ్బులో?

గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలకి టెంపరేచర్ అలారం పెట్టెలు చేసి అమ్ముతుంటాను. ఉద్యోగం మానేసి సొంతంగా ఏదైనా పెడదామనుకునే కుర్రాళ్లు అప్పుడప్పుడూ వస్తుంటారు. అడిగేవన్నీ సెన్సర్ గురించే. డబ్బు చేతికెలా వస్తుందో ఒక్కడూ అడగడు.

పెట్టె బిగించి బిల్లిస్తే ఇక్కడ వినపడే మాట ఒకటే: "కాయ కదలనీ అబ్బాయ్, చూద్దాం." అంటే మిర్చి అమ్ముడుపోయాకే మన డబ్బు. కాయ కదలకపోయినా, నెలనెలా రిటర్న్ వేసేవాళ్లు తర్వాతి నెల 20కల్లా జీఎస్టీ కట్టాల్సిందే. లక్ష సరుకు మీద 18 శాతమంటే పద్దెనిమిది వేలు. ఇన్‌పుట్ క్రెడిట్, అంటే విడిభాగాలు కొన్నప్పుడు మనం కట్టిన జీఎస్టీ, పోను మిగతాది మన జేబులోంచే.

అందుకే ముందు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు, చేయించుకోండి. ఉచితం, ఏజెంటుకి రూపాయి ఇవ్వక్కర్లేదు. ఆ నంబరు బిల్లు మీద వేయండి. చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 చట్టం ప్రకారం మనలాంటి చిన్న యూనిట్లకి రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే వడ్డీ. ఆ వడ్డీ అడిగితే మళ్లీ ఆర్డరు రాదనుకోండి, అది వేరే సంగతి. అయితే 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపన్నులో 43బి(హెచ్) అనే నిబంధన వచ్చింది: గడువు దాటిన బాకీని, కట్టేదాకా కొన్నవాళ్లు ఖర్చుగా చూపుకోలేరు. కాబట్టి మార్చి మొదట్లో ఓనరుకి కాదు, ఆయన ఆడిటరుకి ఫోన్ చేయండి.

నేనైతే ఇప్పుడు సగం అడ్వాన్సు పడందే డ్రిల్లింగ్ మెషిన్ బయటికి తీయను.