మినిట్స్‌లో నా అసమ్మతి

ముప్ఫై ఏళ్లు బ్యాంకు రుణాల విభాగంలో పనిచేసి రిటైరైన నేను, ఒక లిస్టెడ్ కంపెనీ (షేర్లు స్టాక్ ఎక్స్ఛేంజిలో ఉన్న కంపెనీ) బోర్డులో, యాజమాన్యంతో సంబంధం లేని స్వతంత్ర డైరెక్టరుగా చేరి ఆరు నెలలైంది. లిస్టెడ్ కంపెనీ బోర్డులో కనీసం ఒక మహిళ ఉండాలని 2013 కంపెనీల చట్టం చెప్పినప్పుడు, చాలాచోట్ల ప్రమోటరు, అంటే కంపెనీని తన అదుపులో ఉంచుకున్న యజమాని, భార్యనో కూతురినో కూర్చోబెట్టి ఆ లాంఛనం ముగించారు. 2020 ఏప్రిల్ 1 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 కంపెనీల్లో స్వతంత్ర మహిళా డైరెక్టరు ఉండాలన్న స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన వల్లనే నాకు పిలుపు వచ్చిందని చెప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు.

డిన్ (డైరెక్టరు గుర్తింపు) నంబరు, సమ్మతి పత్రం, స్వతంత్ర డైరెక్టర్ల డేటాబ్యాంకులో నమోదు, ఆన్‌లైన్ పరీక్ష అన్నీ ఇబ్బంది లేకుండా పూర్తయ్యాయి. యాభై శాతం వస్తే చాలిన ఆ పరీక్షను చూసి ఎవరూ వెనుకాడనక్కరలేదు.

అసలు పరీక్ష రెండో బోర్డు సమావేశంలో ఎదురైంది. ఛైర్మన్ గారి బంధువులకు చెందిన గోదాము అద్దెను పెంచే తీర్మానం వచ్చినప్పుడు, మార్కెట్ అద్దెపై మదింపు నివేదిక ఉందా అని అడిగాను. ఆయన కాగితాల మీద నుంచి తలెత్తకుండానే, "అవన్నీ ఆడిట్ కమిటీ చూసుకుందమ్మా, మీరు కాఫీ తీసుకోండి" అన్నారు. మిగిలిన ఏడుగురిలో ఒక్కరూ నా వైపు చూడలేదు. కోట్ల రూపాయల రుణ దరఖాస్తులను ఆధారాలు లేవని తిప్పి పంపిన నాకు, ఆ గదిలో ముఖం ఎర్రబడింది. అయినా, నివేదిక చూడనిదే సమ్మతించలేనని స్పష్టంగా చెప్పాను.

రెండు వారాలకు వచ్చిన ముసాయిదా మినిట్స్‌లో, అంటే సమావేశపు అధికారిక నమోదులో, "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని ఉంది. కాఫీ మాట కంటే నన్ను ఎక్కువ బాధించింది ఇదే. బోర్డు వ్యవహారాల ద్వారా తెలిసిన తప్పుపై శ్రద్ధ చూపకపోతే స్వతంత్ర డైరెక్టరు కూడా బాధ్యత వహించాలని కంపెనీల చట్టం 149వ సెక్షన్ చెబుతుంది. రేపు లెక్కలు తిరగబడితే ఆ ఒక్క మాటే నా మెడకు చుట్టుకుంటుంది. ముసాయిదాపై అభిప్రాయం చెప్పేందుకు ఉన్న ఏడు రోజుల్లో నాలుగో రోజునే, తీర్మానంతో ఏకీభవించని డైరెక్టర్ల పేర్లు నమోదు చేయాలన్న అదే చట్టం 118వ సెక్షన్‌ను ఉదహరిస్తూ కంపెనీ కార్యదర్శికి మెయిల్ పంపాను. "ఇంతవరకు ఎవరూ ఇలా అడగలేదండీ" అని ఆయన ఫోనులో నసిగారు. అడగవలసిందేనన్నాను.

కొత్తగా బోర్డుల్లో చేరుతున్న వారికి ఒక మాట: "సంతకం పెట్టి సిట్టింగ్ ఫీజు (సమావేశానికి హాజరైనందుకు ఇచ్చే సొమ్ము) తీసుకోవడమే కదా" అని నాకు హితవు చెప్పిన ఆడిటరు మిత్రుడి మాట మీరు వినకండి. ఎజెండా కాగితాలు చివరి పేజీ దాకా చదవండి. ఫోనులో చెప్పినదాన్ని ఆ రోజే మెయిల్‌లోనూ రాయండి.

నిన్న తుది మినిట్స్ వచ్చాయి. "ఏకగ్రీవంగా" పోయి, నా పేరుతో అసమ్మతి రెండు పంక్తుల్లో నమోదైంది. వచ్చే సమావేశం ఎజెండాలో గోదాము అద్దె మదింపు నివేదిక ఆరో అంశంగా ఉంది.