ఎమ్‌క్యాట్ 499 నుంచి 512: కమ్యూనిటీ కాలేజీలో మొదలైన నా ప్రిపరేషన్

నిన్న మధ్యాహ్నం రెండింటికి ఎమ్‌క్యాట్ (అమెరికాలో మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష) స్కోరు వచ్చింది. 512. కెమ్-ఫిజిక్స్ 128, కార్స్ (ప్యాసేజీ చదివి జవాబులు పెట్టే భాగం) 125, బయో 130, సైక్ (సైకాలజీ, సోషియాలజీ) 129. లైబ్రరీ మెట్ల మీద కూర్చుని అమ్మకు ఫోన్ చేశాను, ఇద్దరం ఏడ్చేశాం. బైపీసీ చదివి, నీట్‌లో సీటు రాక, అమెరికా వచ్చి కమ్యూనిటీ కాలేజీలో (తక్కువ ఫీజుతో మొదటి రెండేళ్ల డిగ్రీ చదువు చెప్పే కాలేజీలో) చేరి, "ఇక డాక్టర్ అయినట్టే" అని బంధువులతో అనిపించుకున్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

నా సంగతి క్లుప్తంగా చెప్తాను. మాది గుంటూరు. నీట్‌లో సీటు రాని ఏడాదే మా ఇంటికి గ్రీన్ కార్డులు వచ్చాయి, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ వచ్చాం, అక్కడి ఓలోనీ అనే కమ్యూనిటీ కాలేజీలో చేరాను. కాలిఫోర్నియా వాళ్లకి ఒక్కో యూనిట్‌కు (క్రెడిట్‌కు) ఫీజు 46 డాలర్లు, మా ఇంటి పరిస్థితికి అంతకు మించి కుదరదు. "ఎవరైనా చేరిపోవచ్చటగా అందులో" అంది ఒక పిన్ని. చేరొచ్చు, నిజమే. కానీ ఆర్గానిక్ కెమిస్ట్రీలో "ఏ" గ్రేడు ఎవరికీ ఊరికే ఇవ్వరు. రెండు సెమిస్టర్లూ "ఏ" గ్రేడే తెచ్చుకున్నాను, డీన్స్ లిస్టులో పేరొచ్చింది, తర్వాతి బ్యాచ్‌కు ట్యూటర్‌గా కూర్చున్నాను, ట్యాగ్ (షరతులు తీరిస్తే సీటుకు ముందే హామీ ఇచ్చే పద్ధతి) మీద యూసీ డేవిస్ యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయ్యాను. అక్కడ పది వారాల క్వార్టర్ అలవాటయ్యేలోపే మిడ్‌టర్మ్ వచ్చి మొదటిసారి బీ మైనస్ చూశాను, మళ్లీ కోలుకున్నాను.

అసలు చెప్పాల్సింది మొదటి అటెంప్ట్ గురించి. ఆగస్టులో రాశాను, 499 వచ్చింది. కార్స్‌లో 119.

కంటెంట్ రాక కాదు. అమైనో ఆమ్లాలు, గ్లైకాలిసిస్ నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. బయోలో 128 వచ్చింది కూడా. రెండు అలవాట్లు నన్ను ముంచాయి, రెండూ నీట్ కోచింగ్ నుంచి తెచ్చుకున్నవే. ఎమ్‌క్యాట్‌లో నెగెటివ్ మార్కులు లేవని నాకు తెలుసు, అయినా కెమ్-ఫిజిక్స్‌లో నాలుగు ప్రశ్నలు ఖాళీగా వదిలేశాను. డౌటుంటే ముట్టుకోకు అని రెండేళ్లు నూరిపోస్తే చెయ్యి వెనకాడదూ మరి? టైమ్ అయిపోయి స్క్రీన్ మారిపోయింది, ఆ నాలుగూ అలాగే పోయాయి.

రెండోది కార్స్. తొమ్మిది ప్యాసేజీలు, 90 నిమిషాలు, 53 ప్రశ్నలు. నేను ప్రతి ప్యాసేజీనీ పాఠంలా చదివాను, పేర్లూ సంవత్సరాలూ గుర్తుపెట్టుకుంటూ. ఆప్షన్లలో లోకంలో నిజమైనదేదో అది పెట్టాను. అక్కడ అడిగేది లోకం గురించి కాదు, రాసినాయన ఏమన్నాడన్నదాని గురించి. చివర్లో స్కోర్ కావాలా, వాయిడ్ (రద్దు) చేయాలా అని అడిగినప్పుడు స్కోర్ నొక్కాను. ఆ 499 ఇప్పుడు ప్రతి మెడికల్ స్కూలుకూ కనిపిస్తుంది. దాచడానికి లేదు, దాచాలని కూడా లేదు.

తర్వాత మూడు వారాలు పుస్తకం తెరవలేదు. మా తాతయ్య తెనాలిలో ఉంటారు, నాకు రాత్రయితే ఆయనకు పొద్దున. ఫోన్ చేస్తే పేపర్లో సంపాదకీయం చదివి వినిపించడం ఆయనకు అలవాటు. ఒకరోజు చదవడం పూర్తిచేసి, "ఇంతకీ ఏమంటాడే అమ్మాయ్ ఈయన?" అన్నారు. నేను నీళ్ల వాటా లెక్కలన్నీ గడగడా అప్పజెప్పాను. "అవన్నీ నేనే చదివాగా. ఆయన ఒప్పుకుంటున్నాడా, కాదంటున్నాడా? ఎక్కడ మెత్తబడ్డాడు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మళ్లీ మొదటి నుంచి చదివించుకున్నాను. మూడో పేరాలో ఒక "అయితే" ఉంది, వ్యాసమంతా దాని మీదే తిరిగింది.

ఆ రాత్రి ఏఏఎమ్‌సీ (ఎమ్‌క్యాట్ నిర్వహించే సంస్థ) ప్రాక్టీసులో తప్పు పోయిన ప్రశ్నలన్నీ తీసి చూశాను. చాలావాటిలో నా జవాబు లోకంలో నిజమే, కానీ రచయిత ఆ మాట అనలేదు. అప్పటి నుంచి ఒక్కటే పని. పేరా అయిపోగానే ఆగి, ఆయన ఏమంటున్నాడో తెలుగులో ఒక ముక్క నాలో నేను అనుకోవడం. అవును, తెలుగులోనే. ఇంగ్లీషులో అనుకుంటే ఆయన మాటలే తిరిగి పలుకుతాం, తెలుగులో చెప్పాలంటే అర్థం కాక తప్పదు. రోజుకు మూడు ప్యాసేజీలు, నాలుగు నెలలు, ఒక్క రోజూ మానలేదు. తప్పు పోయిన ప్రతిదానికీ నోట్‌బుక్‌లో రెండు గళ్లు: నేనేమనుకున్నాను, ఆయన ఏ లైనులో ఏమన్నాడు.

మిగతావి అందరూ చేసేవే. ఆన్కీ ఫ్లాష్‌కార్డులు, యూవరల్డ్ ప్రశ్నలు, సైక్‌కు ఖాన్ అకాడమీ వీడియోలు. ఫుల్ లెంగ్త్ టెస్టులు మాత్రం ఉదయం ఎనిమిదింటికే మొదలుపెట్టండి, బ్రేకులు పది, ముప్పై, పది నిమిషాలే తీసుకోండి. ఏడున్నర గంటలు కూర్చోవడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. ఫోన్ ఇంకో గదిలో పెట్టండి. "మోటివేషన్ రావట్లేదు" అని మెసేజ్ పెట్టేవాళ్లకు గట్టిగానే చెప్తున్నాను, మోటివేషన్ కోసం కూర్చుంటే అది రాదు, టైమ్‌టేబుల్ ప్రకారం కూర్చుంటే చదువు సాగుతుంది. నాకు శని, ఆదివారాలు సీఎన్ఏ (నర్సింగ్ అసిస్టెంట్) డ్యూటీ ఉండేది, అయినా ఆ మూడు ప్యాసేజీలు చేశాకే పడుకున్నాను.

ఆ డ్యూటీ గురించీ చెప్పాలి, రెజ్యూమే కోసం చేశానని కొందరు అనుకుంటున్నారు కాబట్టి. స్ట్రోక్ వచ్చిన ఒక పెద్దావిడ ఉండేవారు. మామూలు నీళ్లు పొరబోతాయని పొడి కలిపి చిక్కగా చేసి, చెంచాతో పట్టాలి. ఒక్కో చెంచా మింగారో లేదో గొంతు వైపు చూసి, అప్పుడు ఇంకోటి. కప్పు నీళ్లకు అరగంట పట్టేది. మెదడులో ఎక్కడ దెబ్బ తగిలితే మింగడం పోతుందో పుస్తకంలో చదివింది ఆ కప్పు పట్టుకున్నాకే నాకు ఎక్కింది. డాక్టర్ కావాలన్నది ఇంటర్లో ఇంట్లోవాళ్ల కోరిక. ఇప్పుడు నాది.

కమ్యూనిటీ కాలేజీ క్రెడిట్లు మెడికల్ స్కూళ్లు తీసుకోవని ఒక కౌన్సెలర్ నాతో అన్నారు. చాలా స్కూళ్లు తీసుకుంటాయి. ప్రతి స్కూలు వెబ్‌సైటూ మీరే తెరిచి చూసుకోండి, ట్రాన్స్‌ఫర్ అయ్యాక పై స్థాయి సైన్సు కోర్సుల్లో మంచి గ్రేడ్లు చూపించండి.

మే నెలలో మెడికల్ స్కూళ్ల అప్లికేషన్ తెరుస్తారు. పర్సనల్ స్టేట్‌మెంట్ 5,300 క్యారెక్టర్లకు మించకూడదు, నాది ఇంకా ఏడు వేల దగ్గరుంది. మొన్న తాతయ్యకు తెలుగులో చెప్పి వినిపించాను. మొదటి రెండు పేరాలు తీసేయమన్నారు, తీసేస్తున్నాను.