వార్డులో బండి మీది కంప్యూటర్

“నువ్వొచ్చి ఇంతసేపైంది, ఒక్కసారైనా నా మొహం చూశావా?” ఇంగ్లాండ్‌లో నేను నర్సుగా ఉన్న వార్డులో ఓ పెద్దావిడ, మా పేషెంటు, నవ్వుతూనే అంది. వీళ్ళు తిట్టినా అలాగే తిడతారు. సారీ చెప్పి, చక్రాల బండి మీది కంప్యూటర్‌లో ఆవిడ బీపీ, నొప్పి, పడిపోయే ప్రమాదం, వీపు మీద పుండ్లు పడే ప్రమాదం అన్నీ ఎక్కించాకే తలెత్తాను. ఏం చెయ్యను? రాయని పని చెయ్యని పని కిందే లెక్క ఇక్కడ.

ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. విశాఖలో కేజీహెచ్‌కి, అదే కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రికి, దగ్గర్లో పెరిగినదాన్ని. శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి వచ్చిన జనంతో ఓపీ ఎలా ఉంటుందో తెలుసు. 2017లో 67 దేశాల లెక్కలు తీస్తే, డాక్టరు ఒక్కో రోగికిచ్చే సమయం మన దేశంలో సుమారు 2 నిమిషాలు, బ్రిటన్‌లో 9 పైన, స్వీడన్‌లో 22 అని తేలింది. తోటి నర్సు ఇది చూపించి జాలిపడితే నాకు ఒళ్ళు మండింది. ఆ 2 నిమిషాల్లోనే మా డాక్టర్లు కనురెప్ప లాగి చూస్తారు, పొట్ట నొక్కి చూస్తారు! అమెరికాలో డాక్టర్లు రోగి ఎదుట గంట ఉంటే, కంప్యూటర్‌కీ కాగితాలకీ దాదాపు 2 గంటలు పోతోందని 2016లోనే తేల్చారు. దానికెవరు జాలిపడాలి?

నర్సుల సంగతికొస్తే నా వాదన అంత గట్టిగా నిలబడదు. ఒళ్ళు తుడవడం, గంజి పట్టడం, పక్కకి తిప్పడం మన దగ్గర అటెండెంట్ల పని, అంటే రోగితో ఉండే ఇంటివాళ్ళ పని. “సిస్టరమ్మా, సెలైన్ అయిపోయింది” అని పిలిస్తే మనం వెళ్తాం, మార్చేసి వచ్చేస్తాం. పరాయి మనిషికి స్నానం చేయించడం, తల దువ్వడం నేను ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాను. ఆ పనిలో ఉన్నప్పుడే పెద్దవాళ్ళు మందులకి భయపడుతున్నామనో, కొడుకు రావట్లేదనో చెబుతారు. ఏ ఫారంలోనూ ఆ గడి ఉండదు.

ఇదంతా గాజువాకలో ప్రైవేటు ఆసుపత్రి నర్సుగా ఉన్న చెల్లికి ఫోన్‌లో చెప్పాను.

“నీకు బండైనా ఉందక్కా. మా వార్డు మొత్తానికి ఒకటే సిస్టమ్. ఆరోగ్యశ్రీ కేసైతే ఫోటోలు, రిపోర్టులు అన్నీ అప్‌లోడ్ చెయ్యాలి. డ్యూటీ దిగాక కూడా అదే పని.”

“మరి పేషెంట్లనెవరు చూస్తున్నారే?”

“వాళ్ళ వాళ్ళున్నారుగా” అంది.