డ్రమ్ముల వెనక నుంచి పాట: రింగో స్టార్ అయిదేండ్లు

బీటిల్స్ బృందంలో రింగో స్టార్ పని డ్రమ్ములు. మామూలుగా ఆల్బమ్‌కు ఒక పాట అతని గొంతుకు దక్కేది, అంతే. బృందం 1970లో విడిపోయింది. ఆ మరుసటేడే అతని 'ఇట్ డోంట్ కమ్ ఈజీ' ఇటు బ్రిటన్, అటు అమెరికా హిట్ పాటల పట్టికల్లో 4వ స్థానానికి చేరింది. 1973 నవంబర్‌లో 'ఫొటోగ్రాఫ్', 1974 జనవరిలో 'యూ ఆర్ సిక్స్‌టీన్' అమెరికాలో మొదటి స్థానంలో నిలిచాయి. 1975లో 'నో నో సాంగ్' 3వ స్థానం దాకా వెళ్లింది. అక్కడి నుంచి జారుడే. 1977లో వచ్చిన ఆల్బమ్‌కు అమెరికాలో మొదటి 100లో కూడా చోటు దొరకలేదు.

నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు ఆర్కెస్ట్రాల్లో ప్యాడ్లు వాయిస్తూ, ఒక్క పాటైనా పాడాలని ఆశపడే పిల్లలు ఈ అయిదేండ్లను జాగ్రత్తగా చూడాలి.

ముందు శృతి సంగతి. 1967లో బీటిల్స్ బృందంలోని లెనన్, మెకార్ట్నీ రింగో కోసమే 'విత్ ఎ లిటిల్ హెల్ప్ ఫ్రమ్ మై ఫ్రెండ్స్' కట్టారు. మూడు శృతిలో నడిచే ఆ పాటలో చరణాల వరస స నుంచి ప దాకా, అయిదు స్వరాల్లోనే తిరుగుతుంది. చివరి స్వరం ఒక్కటే పైకి లేస్తుంది. గొంతును కొలిచి కుట్టిన పాట అది. మన దగ్గర జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది. సినిమా పాటను అసలు శృతిలోనే ఎత్తుకుంటారు, రెండో చరణానికల్లా గొంతు చీరుకుపోతుంది. కీబోర్డ్ మీద ట్రాన్స్‌పోజ్ నొక్కి రెండు, మూడు మెట్లు దించితే సరిపోయే పని ఇది. అయితే ఎంత దించాలో ఇంట్లో తాజా గొంతుతో తేల్చుకోకూడదు. రెండు వేగం పాటలు వాయించి, ఆయాసం మీద ఉన్నప్పుడు పాటలోని అన్నిటికంటే పై స్వరం పట్టి చూడాలి. ముందే రికార్డు చేసిన వాద్యాల ట్రాక్ మీద పాడేటట్లయితే మూడు మెట్లకు మించి దించవద్దు, వాద్యాల నాదం పాడైపోతుంది.

అసలు కష్టం చేతికీ నోటికీ మధ్య ఉంటుంది. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ సహాయ కచేరీ జరిగింది. పక్కన జిమ్ కెల్ట్‌నర్ రెండో డ్రమ్మర్‌గా ఉండగా కూడా, రింగో వాయిస్తూ పాడిన తన హిట్ పాట 'ఇట్ డోంట్ కమ్ ఈజీ'లోనే కొన్ని మాటలు మరిచిపోయాడు. జ్ఞాపకశక్తి ఒక్కటే చాలదక్కడ. చేతులు కొత్త వరసకు మారే క్షణంలోనే నోరు కొత్త పాదం ఎత్తుకోవాలంటే రెంటిలో ఒకటి తప్పుతుంది. అందుకే పాదం పూర్తయ్యాకే రోల్ (వరుసగా వేగంగా పడే దెబ్బలు) వేయాలి, పాదం లోపల వేయకూడదు. మన డప్పు కళాకారులకు ఇది ఎవరూ చెప్పనక్కరలేదు. పాట ఎత్తుకోగానే దరువు తగ్గిస్తారు, పల్లవి ముగిశాక లేపుతారు. ఇంతకంటే మంచి పాఠం నాకు కనపడలేదు.

సాధన పుల్లలు పట్టుకోకుండానే మొదలుపెట్టాలి. తొడల మీద అరచేతులతో తాళం వేస్తూ సాహిత్యాన్ని రాగం లేకుండా మాటలుగా పలకాలి. తాళం చూపే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టి, తప్పు లేకుండా మూడుసార్లు వచ్చాక 5 పెంచాలి. ఎత్తుగడ దెబ్బ మీద కాక దెబ్బ తర్వాత పడే పాదాలే ఇబ్బంది పెడతాయి. వాటిని విడిగా పట్టుకోవాలి. ప్రతి చరణం మొదటి మాటను కాగితం మీద పెద్దగా రాసి స్టాండుకు అంటించుకోవడంలో చిన్నతనమేమీ లేదు.

కూర్చునే తీరు కూడా పాటను చెడగొడుతుంది. స్టూలు పొట్టిదైతే కడుపు మడతపడి ఊపిరి పైపైనే ఆగుతుంది. తొడలు మోకాళ్ల వైపు కొద్దిగా వాలేంత ఎత్తు కావాలి. డప్పు భుజానికి వేసుకుని నిలబడి పాడేవాళ్లకు ఈ బాధ లేదు.

మైకు విషయానికొస్తే, ఎలక్ట్రానిక్ ప్యాడ్లకు తల మైకు చాలు. నిజమైన డ్రమ్ములైతే తల మైకులో సింబల్ (డ్రమ్ముల పక్కన వేలాడే లోహపు పళ్లెం) మోత గొంతును మింగేస్తుంది. అప్పుడు వంపు స్టాండు మీద కార్డియాయిడ్ మైకు (ముందు శబ్దాన్ని పట్టి, వెనక శబ్దాన్ని తగ్గించేది) పెట్టి, పెదవికి రెండు వేళ్ల దూరంలో, దాని వెనక భాగం సింబల్ వైపు ఉండేట్టు తిప్పాలి. మిక్సర్‌లో 100 హెర్ట్జ్ కింద కోసేస్తే కిక్ డ్రమ్ము (కాలితో వాయించే పెద్ద డ్రమ్ము) ధమధమ మోత తగ్గుతుంది. ఫంక్షన్ హాల్ గోడల నుంచి తిరిగొచ్చే శబ్దాన్ని విని తాళం వేస్తే వెనకబడిపోతారు, కాబట్టి మానిటర్ (వాయించేవాళ్లకు తమ శబ్దం వినిపించే స్పీకర్) దగ్గరగా ఉండాలి.

1973 నాటి 'రింగో' ఆల్బమ్‌లో పాత బీటిల్స్ మిత్రులు లెనన్, మెకార్ట్నీ, హారిసన్ ముగ్గురూ పాటలిచ్చారు, వాయించారు. 'ఫొటోగ్రాఫ్' రింగో, హారిసన్ కలిసి రాసిందే. 1977 ఆల్బమ్‌లో ఆ ముగ్గురి పాట ఒక్కటీ లేదు, డిస్కో వరస మాత్రం వచ్చి చేరింది. గొంతు అదే, దానికి కొలత తెలిసిన మనుషులు పక్కన లేరు. ఒగ్గు కథలో వంత పాడేవాళ్లు పాదం అందుకుని ప్రధాన కథకుడికి ఊపిరి తీసుకునే సందు ఇస్తారు కదా, ప్యాడ్ వెనక పాడేవాడికి కూడా అలాంటి తోడు కావాలి. పల్లవి రెండోసారి వచ్చినప్పుడు కీబోర్డ్ వాయించేవాళ్లు అందుకోవాలి. వాళ్ల మైకు పాడేవాడి కంటే కొంచెం కిందే ఉంచి, పై స్వరం దగ్గర మాత్రం సమానంగా లేపాలి.